నంద్యాల సీరం

మా సారుకు ఒక మేక కావాల్సి వచ్చింది. మా ఇంట్లో మేకలున్నాయని చెప్పింది నేనే.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎక్కువ కాలం కాలేదు. మార్కాపురం తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మా ఊరు పుల్లలచెరువు అవతల, నల్లమల అంచున. మేకలు, గొర్రెలు, వానొస్తే పండే మెట్ట చేను, అంతే మా బతుకు. మా ఇండ్లల్లో బి.ఎస్సీ. దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో అసిస్టెంటుగా తీసుకుంటే, అది ఏం పనో సరిగ్గా అర్థం కాకముందే పెట్టె సర్దుకోని పోయి చేరినాను.

అక్కడ అందరికీ పెద్ద మా సారే. డాక్టరు, ఇంగ్లండులో చదివి వచ్చినవారు, బందరు వైపు మనిషి. నేను చేరిన కొత్తలో నా మాట విని తక్కినవాళ్లు నవ్వుకుంటుంటే ఆయన నవ్వలేదు. మీ వైపు తండ్రిని ఏమని పిలుస్తారని అడిగినారు. నాయన అంటామని చెప్పినాను. తమ వైపు చిన్నవాళ్లను కూడా ముద్దుగా అట్లనే పిలుస్తారని ఆయన చెప్పి, ఆనాటి నుంచి నన్ను నాయనా అనే పిలిచినారు. ఆదివారం నా భోజనం వాళ్లింట్లోనే. నాకు టైఫాయిడ్ వస్తే తన కారులో ఆసుపత్రికి తీసుకుపోయి చేర్చి, జ్వరం దిగిందాకా పొద్దున సాయంత్రం వచ్చి చూసిపోయినారు. మా నాయన అంత దూరం రాలేడు. ఆ ఊర్లో నాకు తండ్రి ఈయనే అనుకున్నాను. ఎవరైనా అడిగితే అట్లనే చెప్పేవాణ్ణి కూడా.

ఆయన పని ఒక రకం జబ్బుల మీద. మన రక్తంలో ఇమ్యునోగ్లోబులిన్లని ఉంటాయి. బయటి నుంచి రోగం వస్తే పట్టుకోని అణచేవి అవే. కొందరిలో మాత్రం అవి దారి తప్పి సొంత ఒంటినే పట్టుకుంటాయి. కీళ్లు వాస్తాయి, చెంపల మీద ఎర్రగా కందుతుంది, జుట్టు ఊడుతుంది, చివరకు మూత్రపిండాలు చెడతాయి. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లకే వస్తుంది. లూపస్ అంటారు. రక్తం చూసి ఆ జబ్బును పోల్చుకునే పద్ధతి బయటి దేశాల్లో అప్పుడప్పుడే వచ్చింది. దాన్ని ఇక్కడ నిలబెట్టాలని సారు పట్టుదల.

ఎలుక కాలేయాన్ని పల్చటి పొరగా కోసి గాజు పలక మీద అతికిస్తాం. రోగి రక్తం గడ్డకట్టినాక పైన తేరుకునే పసుపుపచ్చటి నీటిని సీరం అంటారు. దాన్ని ఆ పొర మీద వేస్తాం. రోగి ఇమ్యునోగ్లోబులిన్లు దారి తప్పినవైతే పోయి ఆ కాలేయం కణాల నడిమధ్య ఉండే గింజలను పట్టుకుంటాయి. కానీ పట్టుకున్నట్టు కంటికి తెలియదు. దాన్ని చూపించడానికి ఇంకొకటి కావాలి. మనిషి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కడుంటే అక్కడికి పోయి అంటుకునే యాంటీబాడీ. దానికి వెలిగే రంగు ఒకటి ముందుగానే తగిలించి, పలక మీద పోసి, కడిగేసి, చీకటి గదిలో మైక్రోస్కోపు కింద నీలి వెలుతురు పట్టి చూస్తాం. జబ్బున్న రక్తమైతే గింజలన్నీ పచ్చగా వెలుగుతాయి. లేకుంటే అంతా నలుపే.

ఆ యాంటీబాడీ కోసమే మేక. మనిషి ఇమ్యునోగ్లోబులిన్‌ను మేకకు సూదితో ఎక్కిస్తే, మేక ఒళ్లు దాన్ని పరాయిదనుకోని దాన్ని పట్టుకునే యాంటీబాడీని తన రక్తంలో తయారు చేసుకుంటుంది. బయటి దేశం నుంచి తెప్పించిన యాంటీబాడీ ఓడలో వచ్చేలోపలే చెడిపోతుంటే, మన మేక నుంచే మనం తీసుకుందామని సారు తీర్మానించినారు.

నేను ఊరికి పోయి మేకపోతు కావాలంటే నాయన మొదట నమ్మలేదు. కోస్తారా అని అడిగినాడు. కొయ్యరు, మెడ నరం నుంచి కొంచెం కొంచెంగా రక్తం తీసుకుంటారు, బాగా మేపుతారు అని చెప్పినాను. రక్తం కోసం మేకను పెంచే మనుషులు కూడా ఉన్నారా అని ఆయన మందలో నుంచి మంచి దిట్టమైనదాన్ని, నల్లదాన్ని, పట్టి ఇచ్చినాడు. సర్కారు పని కదా, నీకు మంచి పేరు రావాలని అన్నాడు.

దాన్ని మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కించి తీసుకుపోయినాను. గిద్దలూరులో బండి ఆగినప్పుడు మా అక్క, బావ ప్లాటుఫారం మీద నిలబడి ఉన్నారు. అక్కను గిద్దలూరికే ఇచ్చినాం. బావకు మెట్ట పొలం, ఒక జత ఎద్దులు. అక్క మేకకు తుమ్మ కొమ్మలు, నాకు సద్ద రొట్టెలు, చింతకాయ పచ్చడి మూట కట్టుకోని వచ్చింది. నాకన్నా పెద్దదైనా, రైలు కదులుతుంటే చిన్నపిల్ల లెక్క బండి వెంట నడుస్తూ, మేకను ఎండలో పెట్టొద్దని చెప్పి చెప్పి నవ్వింది. నన్ను బడికి పంపాలని ఇంట్లో అనుకున్నప్పుడు, మేకల వెంట పోవడానికి ఒకరు కావాల్సి వచ్చింది. అట్ల పోయింది అక్క. ఆ సంగతి ఆమె ఏనాడూ నాకు గుర్తు చెయ్యలేదు.

మేక మాకు బాగా పనికొచ్చింది. దాని రక్తం నుంచి యాంటీబాడీ తీసి, చల్లని గదిలో రంగు కలిపి, కలవని రంగును వేరు చేసి, మొదటిసారి ఒక రోగి పలక మీద పచ్చటి గింజలు కనపడిన రోజు సారు నన్ను కౌగిలించుకున్నారు. మీ నాయనకు చెప్పు, ఆయన మేక పెద్ద పని చేసిందని అన్నారు.

ఆ మరుసటి ఏడు అక్కకు బాగాలేకుండా వచ్చింది. పొద్దున్నే పిడికిలి మూసుకోవడం లేదని, ఎండలోకి పోతే ముఖం మండుతోందని బావ ఎవరిచేతనో చెప్పి పంపినాడు. మా పనే ఆ జబ్బు కాబట్టి, అదేనేమోనని వెంటనే ఇద్దరినీ హైదరాబాదుకు పిలిపించుకున్నాను. సారు వాళ్లింట్లోనే అక్కను చూసినారు. వేళ్లు వంచి చూసి, చెంపలు చూసి, అమ్మా భయపడకు అని చెప్పి, తన చేత్తోనే రక్తం తీసుకున్నారు. సారు భార్య అక్కకు జాకెట్టు గుడ్డ పెట్టి పంపినారు.

పలకలు చూసేది ఎప్పుడూ నేనే. ఆ ఒక్క పలక మాత్రం తాను చూస్తానని సారు అన్నారు. సొంత మనిషి రక్తం చూస్తే కన్ను మోసపోతుందంట. అది న్యాయమే అనిపించింది. మర్నాడు చీకటి గదిలో నుంచి బయటికి వచ్చి, కళ్లజోడు తుడుచుకుంటూ, "ఏమీ లేదు నాయనా. అంతా నల్లగా ఉంది. మామూలు కీళ్లవాతం" అన్నారు. నేను ఆయన కాళ్లకు దండం పెట్టినాను. ఆస్పిరిన్ మాత్రలు రాసిచ్చినారు. అక్కా బావా గిద్దలూరికి పోయినారు.

కొన్ని వారాలకు సారు నంద్యాల పోయి వచ్చినారు. అది వాళ్ల అత్తగారి ఊరు. ఏడాదికి నాలుగైదు మాట్లు పోతుంటారు. ఈసారి వస్తూ ఐసు వేసిన థర్మాసులో ఒక రోగి సీరం తెచ్చినారు. నంద్యాలలో ఆయన బావమరిది డాక్టరు, అక్కడ చూపించుకునే ఎవరో ఆమెదని చెప్పినారు. ఆ సీరం పలక మీద వేసి చూసిన రోజు నాకు బాగా గుర్తు. అంతకుముందు మేము చూసినవన్నీ దీని ముందు దీపం పక్కన మిణుగురులే. ఎంత పల్చన చేసినా వెలుగు తగ్గలేదు. గింజ అంచు చుట్టూ ఉంగరం లెక్క మెరిసేది. అట్ల మెరిసే సీరం మాకు ఇంకొకటి దొరకలేదు.

దానికి నంద్యాల సీరం అని పేరు పెట్టుకున్నాం. ఇట్లాంటి పరీక్ష చేసే ప్రతిరోజూ, తప్పకుండా వెలిగే సీరం ఒకటి, అసలు వెలగని సీరం ఒకటి పక్కన పెట్టుకోవాలి. పరీక్ష సరిగ్గా జరిగిందా లేదా అన్నది వాటిని చూసే తెలుసుకుంటాం. వెలగనిదానికి నా రక్తమే వాడేవాళ్లం. వెలిగేది నంద్యాల సీరం. అది అయిపోవస్తే సారు మళ్లీ నంద్యాల పోయి తెచ్చేవారు. నేను ఒకసారి ఆమె ఎట్లుందని అడిగినాను కూడా. ఉంది, బాగానే ఉంది అన్నారు.

ఆ సీరంతోనే మా పనికి పేరొచ్చింది. పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చి మైక్రోస్కోపులో తొంగి చూసిపోయేవాళ్లు. బయటి దేశంలో జరిగే ఒక సభలో చదవడానికి సారు వ్యాసం సిద్ధం చేసుకుంటున్నారు. ఇంటికి పోయినప్పుడల్లా అమ్మకు, నాయనకు ఆ పచ్చటి వెలుగు గురించే చెప్పేవాణ్ణి. అమ్మకు ఏం అర్థమయ్యేదో కానీ, అది చూసి జబ్బు చెప్తారంటే మంచి పనే నాయనా అనేది.

అక్కను మాత్రం ఆ రోజుల్లో సరిగ్గా చూడలేదు. కాన్పు అయిందని, పాప పుట్టిందని తెలిసింది. కీళ్లనొప్పులు అట్లనే ఉన్నాయని తెలిసింది. వాతం కదా అనుకున్నాను. సారే చూసి చెప్పినాక ఇంక నాకు అనుమానమెందుకు?

మేక ముసలిదైంది, ఇంకొకటి తెమ్మని సారు నన్ను ఊరికి పంపినారు. పోయే దారిలో గిద్దలూరులో దిగినాను. అక్క ఇల్లు స్టేషనుకు దగ్గరే. మిట్టమధ్యాహ్నం. బావ చేనికి పోయి ఉన్నాడు. అక్క వసారాలో నులక మంచం మీద గోడకు ఒరిగి కూర్చోని ఉంది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. నుదురు మీద జుట్టు లేదు, కొంగు ముందుకు లాక్కోని కప్పుకుంది. చెంపల మీద ఆ ఎరుపు ముదిరి నల్లబడింది.

ఆమెకని ద్రాక్షపండ్లు తెచ్చినాను. అవి తీద్దామని సంచి తెరిచి చెయ్యి పెట్టినాను. అక్క రవిక చెయ్యి పైకి లాక్కోని, ఎడమ చెయ్యి నా ముందుకు చాపి, ముఖం పక్కకు తిప్పుకుంది.

మోచేతి మడతలో కమిలిన మచ్చలు. సూది గుర్తులు.

"ఏందక్కా ఇది?" అన్నాను.

"తీసుకో నాయనా. ఈసారికి కొంచెం తక్కువ తీసుకో. కండ్లు తిరుగుతాండాయి."

మెల్లగా అడిగి అడిగి తెలుసుకుంటే సంగతి అంతా బయటికి వచ్చింది. హైదరాబాదు నుంచి వాళ్లు తిరిగొచ్చిన కొన్ని వారాలకే సారు ఒక కంపౌండరును వెంటబెట్టుకోని గిద్దలూరులో దిగినారంట. ఇదే మంచం మీద కూర్చున్నారంట. అక్క సద్ద రొట్టె, మజ్జిగ పెడితే కాదనకుండా తిన్నారంట. అంత పెద్ద మనిషి మన ఇంట్లో తిన్నాడని బావ ఊరంతా చెప్పుకున్నాడంట. తిన్నాక అక్కతో ఆయన అన్న మాటలు ఆమె నాకు అట్లనే, ఆయన యాసతో సహా చెప్పింది.

"నీ తమ్ముడు నిన్ను అడగడానికి సిగ్గుపడుతున్నాడమ్మా. నీ రక్తం లేకపోతే అతని ఉద్యోగం నిలవదు. నేను వచ్చి అడిగానని అతనితో అనకు, చిన్నబుచ్చుకుంటాడు."

అక్క అనలేదు. అప్పటి నుంచి ఆ కంపౌండరు నంద్యాల నుంచి రైల్లో వచ్చి, రక్తం తీసుకోని, తిరుగు బండికి పోయేవాడు. కడుపుతో ఉన్నప్పుడు కూడా వచ్చినాడు. బాలింతగా ఉన్నప్పుడు కూడా. పోయిన నెలలో వచ్చినప్పుడు అక్క ఒద్దన్నదంట. మీ తమ్ముడే పంపినాడమ్మా అన్నాడంట వాడు. ఇప్పుడు నేను సంచితో వచ్చేసరికి, తాను వాణ్ణి కాదన్నందుకు నేనే వచ్చినాననుకుంది.

నంద్యాలలో ఎవరో ఆమె అంటూ ఎవరూ లేరు. ఇన్నాళ్లూ నేను పొగిడింది, వచ్చినవాళ్లకు చూపించి మెచ్చుకోళ్లు పొందింది మా అక్క రక్తాన్నే. పలక మీద నా సీరం పక్కన నా అక్క సీరం పెట్టుకోని పని చేసినాను.

నేను ఎవరినీ పంపలేదని, నాకేమీ తెలియదని అక్కతో చెప్పినాను. ఆమె నా ముఖం చూసి, సరేలే నాయనా అంది. సిగ్గుపడేవాణ్ణి సమాధానపరిచినట్టు అంది. సాయంత్రం బావ వచ్చినాడు. కాళ్లు కడుక్కోని, ఎద్దులకు నీళ్లు పెట్టినాడు. అక్కను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, రేపే పోదాం అంటే, "ఇన్నాళ్లకు కనపడిందా నీకు?" అన్నాడు. పాపను మా అమ్మ దగ్గరికి పంపి, మర్నాడు ముగ్గురం బండెక్కినాం. నల్లమలలో సొరంగం దాటుతున్నంతసేపు అక్క నా చెయ్యి పట్టుకోనే ఉంది.

సారు దగ్గరికి పోలేదు. వేరే ఆసుపత్రిలో ఒక లేడీ డాక్టరు ఉండేది, పరీక్షకని మా దగ్గరికి రక్తాలు పంపేది. ఆమె దగ్గరికి పోయినాం. ఆమె అక్క పాదం మీద వేలితో నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసింది. మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి మంట మీద పెట్టింది. అది పాలు విరిగినట్టు తెల్లగా అయింది. మూత్రపిండాలు చెడితే అట్ల అవుతుంది. గొట్టం నాకు చూపించి, ఈ పని చేసే చోటే ఉంటావు, ఇంత ముదిరిందాకా ఏం చేస్తున్నావని కోపంగా అడిగింది. జబ్బు లేదని మా సారు చెప్పినారని అన్నాను. ఆమె ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఆ పొద్దే మొదలుపెట్టించి మంచం ఇచ్చింది. పరీక్షలకని తీసిన రక్తంలో కొంచెం నాకు కావాలని అడిగి తీసుకున్నాను.

దాన్ని పట్టుకోని ల్యాబుకు పోయినాను. సీరం తేర్చి, ఒక పలక మీద అక్కది, ఇంకొక పలక మీద నంద్యాలది వేసినాను. మేక యాంటీబాడీ పోసి, కడిగి, చీకటి గదిలో కూర్చున్నాను. మొదటి పలకలో ఆ ఉంగరాలు కనపడినాయి. రెండోది పెట్టినాను. అవే. మనిషి నడకను దూరం నుంచే గుర్తుపట్టినట్టు, నాకు ఆ వెలుగు తెలుసు. ఇంక రుజువు అవసరం లేకపోయింది.

సారు వచ్చి తెర తీసి లోపలికి అడుగు పెట్టినారు. మేక ఏదని అడిగినారు. తేలేదన్నాను. చూడండి సార్ అని లేచి నా కుర్చీ ఇచ్చినాను. ఆయన వంగి చూసినారు. రెండు పలకలూ మార్చి మార్చి చూసినారు. తల ఎత్తకుండానే, "మీ అక్కను చూసి వచ్చావా?" అన్నారు.

చూసినానన్నాను. ఆసుపత్రిలో చేర్చినానని, మందు మొదలుపెట్టినారని చెప్పినాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. అదొక్కటే నేను ఆయనకు ఇవ్వగలిగిన మర్యాద. "మందు మొదలెడితే ఆ సీరం పోతుంది నాయనా. కొన్నాళ్లకే వెలుగు తగ్గిపోతుంది. అంత బలమైనది ఈ దేశంలో ఇంకొకరి దగ్గర లేదు. నా వ్యాసం అయ్యేదాకా ఆగుదామనుకున్నాను" అన్నారు.

"మా అక్క కాళ్లు వాచినాయి సార్."

ఆ మందు కూడా విషంలాంటిదే అన్నారు. ఇచ్చినంత మాత్రాన నయమవుతుందని ఎవరూ చెప్పలేరన్నారు. మీ అక్క ఒక్కతి వల్ల ఎంతమంది ఆడపిల్లలకు జబ్బు ముందుగా తెలుస్తుందో ఆలోచించమన్నారు. అవన్నీ నిజాలే కావచ్చు. నాకు చెవికెక్కలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగినాను.

"చెబితే ఇవ్వనిచ్చేవాడివా?" అన్నారు ఆయన. మెల్లగా, పాఠం చెప్పేటప్పుడు అడిగినట్టే అడిగినారు. లేచి నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వు నా కొడుకులాంటివాడివి అన్నారు. ఆ చెయ్యి తీసి పక్కన పెట్టినాను. టైఫాయిడ్‌లో నా నుదురు మీద పెట్టిన చెయ్యి కూడా అదే. ఆయన ఒక పక్క అట్ల చూసుకుంటూ, ఇంకొక పక్క ఇట్ల ఎట్ల చేయగలిగినాడో అప్పుడే కాదు, ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. చూసుకోవడం అబద్ధమైతే నాకు తేలికగా ఉండేది. అది కూడా నిజమే.

ఆయన బయటికి పోయినాక చల్లని పెట్టె తెరిచి నంద్యాల సీరం సీసాలున్న డబ్బా బయటికి తీసినాను. సింకులో పారబోయాలని. అప్పటికే ఆ పొద్దు పరీక్షకు ఇద్దరు ఆడపిల్లల సీరాలు బల్ల మీద ఉన్నాయి. వాళ్ల వాళ్లు వరండాలో కాచుకోని కూర్చున్నారు. పక్కన తప్పకుండా వెలిగేది ఒకటి లేకపోతే వాళ్ల పలకలను నమ్మడానికి లేదు. డబ్బాను మళ్లీ లోపల పెట్టి తలుపు మూసినాను. వాళ్లిద్దరి పలకలూ చూసి, ఉన్నది ఉన్నట్టు వాళ్ల వాళ్లకు చెప్పి, ఆ గదిలో నుంచి బయటికి వచ్చినాను. మళ్లీ పోలేదు.

అక్కకు మందు పని చేసింది. వాపు దిగింది, పిడికిలి మూసుకుంది, ఎత్తుకోమని పాప చేతులు చాపితే ఎత్తుకోగలిగింది. ముఖం మాత్రం ఆ మాత్రలకు గుండ్రంగా ఉబ్బి, అద్దం చూసుకోవడానికి ఇష్టపడేది కాదు. నేను మార్కాపురంలో బస్టాండు దగ్గర ఒక గది తీసుకోని రక్తం, మూత్రం పరీక్షలు చేసే చిన్న ల్యాబు పెట్టుకున్నాను. పెండ్లి చేసుకున్నాను. నెల నెలా గిద్దలూరు పోయి అక్క మూత్రం మంట మీద పెట్టి చూసి వచ్చేవాణ్ణి.

అన్నీ ఒక దారిలో పడినాయి అనుకుంటున్నప్పుడు అమ్మ నాతో ఒక మాట చెప్పింది. తాను నోరు మూసుకోని ఇంకొన్నాళ్లు రక్తం ఇచ్చి ఉంటే తమ్ముడి ఉద్యోగం నిలిచేదని అక్క ఏడుస్తుందంట. నేను పోయి మొదటి నుంచి అంతా మళ్లీ చెప్పినాను. ఉద్యోగం పోలేదు, నేనే వదిలేసినాను. నీ రక్తానికీ నా ఉద్యోగానికీ ముడే లేదు, అది ఆయన అల్లిన అబద్ధం అని చెప్పినాను. అక్క అంతా విని, పాప తల నిమురుతూ, "మన ఇంట్లో రొట్టె తిన్న మనిషి అట్ల చేస్తాడా నాయనా? నేను బాధపడతానని నువ్వు చెప్తాండావు" అంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆ మనిషి నా ఒక్కడి నమ్మకం తిని ఊరుకోలేదు. నా మాట మీద మా అక్కకు ఉన్న నమ్మకం కూడా తీసుకుపోయినాడు.

బావ ఇంకొక రకం. సారు చేసింది ఆయన నమ్మినాడు. నాకు తెలియదన్నది నమ్మలేదు. రోజూ ఆ రక్తంతోనే పని చేసేవానికి అది ఎవరిదో తెలియదంటే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను.

అక్క కొన్నేండ్లు బతికింది. పాప బడికి పోయి అక్షరాలు దిద్దడం చూసింది. తర్వాత ఒక ఎండాకాలం మూత్రపిండాలు పూర్తిగా చెడి, గిద్దలూరులో ఆమె ఇంట్లోనే పోయింది. మా తాలూకా కొత్త జిల్లాలో కలిసిన ఏడే అది. ముందే మందు పడి ఉంటే ఇంకొన్నాళ్లు బతికేదేమో. లేడీ డాక్టరు కూడా అంతకంటే ఏమీ చెప్పలేకపోయింది. పెద్ద దినం నాడు అందరికీ విస్తర్లు వేసినారు. బావ నాకు వెయ్యొద్దన్నాడు. మా నాయన తన విస్తరి నా ముందుకు జరిపితే నేను తినలేక లేచి వచ్చినాను.

సారు వ్యాసం బయటి దేశంలో బాగా మెచ్చుకున్నారని విన్నాను. ఆ పద్ధతి తర్వాత చాలా ఆసుపత్రులకు పాకింది. మేకల నుంచి తీసిన, రంగు తగిలించిన యాంటీబాడీ సీసాలు దుకాణాల్లోనే దొరికే కాలం వచ్చింది. మార్కాపురంలో నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో చెంపలు కందినవాళ్లు కనపడితే, ఈ పరీక్ష చేయించుకోమని పట్నానికి నేనే పంపేవాణ్ణి. ముందే తెలిసి మందు పడి నిలబడినవాళ్లున్నారు. ఆయన చెప్పిన మాట అబద్ధం కాలేదు. దానికి నేను సంతోషించాలో ఏం చెయ్యాలో తెలిసేది కాదు. అట్ల పంపిన పొద్దు అన్నం సయించేది కాదు.

చాలా ఏండ్ల తర్వాత ఒక పొద్దున పేపర్లో ఆయన ఫోటో చూసినాను. పోయినారని, గొప్ప పని చేసిన మనిషని రాసినారు. నేను చదివి, పేపరు మడిచి, ల్యాబుకు తాళం వేసి ఇంటికి వచ్చినాను. మా ఆవిడ ఇంత తొందరగా వచ్చినారేందని అడిగింది. మా సారు పోయినాడు అన్నాను. అనేసరికి ఏడుపొచ్చింది. అక్క పోయినప్పుడు కూడా నేను అట్ల ఏడవలేదు. నా మీద నాకే అసహ్యం పుట్టింది. ఆపుకుందామంటే ఆగలేదు.

ఆమెకు అంతా తెలుసు. పెరట్లో కాగులో నీళ్లు పోసి పొయ్యి ముట్టించింది. సొంతవాళ్లు పోతేనే కదా తల మీద నీళ్లు పోసుకునేది. ఆయన నాకు ఏమవుతాడు? నీళ్లు కాగినాయని ఆమె వచ్చి చెప్పి పక్కకు పోయింది. నేను చాలాసేపు వసారాలో కూర్చోని, చివరకు లేచి పోయి తల మీద పోసుకున్నాను.

ఆ సంగతి బావకు ఏనాడూ చెప్పలేదు.